విమానయాన భయము

విమానమెక్కుట యనిన గుండె జారిపోవువారు లోకమున పెక్కుమంది కలరు. వారిలో పామరులే కాదు, పండితులును కలరు. దుర్బలులే కాదు, శూరులును కలరు. నేడు తెలుగువారి ఇండ్లలో పిల్లలు చదువులకో ఉద్యోగములకో అమెరికాకు, ఆస్ట్రేలియాకు పోవుట సామాన్యమైనది. అచ్చట కుమార్తెకు పురుడు వచ్చు సమయమున తల్లి పోవలసి యుండును. ప్రయాణపత్రము సిద్ధమై, ఆవకాయ మూటగట్టి, తుదిదినమున "నేను రాలేను" అని కూలబడిన తల్లులు కలరు. ఇంటివారు వారిని చూచి నవ్వుదురు. ఇది నవ్వదగిన విషయము కాదు. మనుమని మొగము చూడవలెనను ఆశ ఒకవైపునకు, కాలు కదలనీయని భయము వేరొకవైపునకు లాగుచుండగా ఆ తల్లి పడు బాధ చిన్నది కాదు.

ఆపద యున్నదని మనస్సు తలచిన క్షణమే దేహము సిద్ధమగును. మూత్రపిండములపైనున్న చిన్న గ్రంథులు ఎడ్రినలిన్ అను రసమును రక్తములోనికి వదలును. గుండె వేగముగా కొట్టుకొనును, అరచేతులు చెమర్చును, ఊపిరి తొందరపడును. పులి యెదురైనపుడు పారిపోవుటకో పోరాడుటకో ఇది యక్కరకు వచ్చును. విమానములో పారిపోవుటకు చోటు లేదు, పోరాడుటకు శత్రువు లేడు. కావున ఆ శక్తి యంతయు లోలోపలనే కుతకుతలాడును. దీనిని పిరికితనమనుట అన్యాయము.

ఇక విమానము సంగతి చూతము. భయపడువారి మనస్సులో విమానము దారమున వ్రేలాడదీసిన బరువువంటిది. దారము తెగినచో పడిపోవునని వారి తలంపు. వాస్తవమట్లు కాదు. రెక్కలు ముందునకు దూసికొనిపోవుచు గాలిని క్రిందికి త్రోయును. ఆ గాలి రెక్కలను పైకి త్రోయును. తగిన వేగమున్నంతవరకు, నావకు నీరెట్లో విమానమునకు గాలి అట్లు ఆధారము. ఇంజనులు ఆగిపోయినను అది రాయివలె పడదు. ముక్కును కొంచెము వంచి, రెక్కలాడింపని గ్రద్దవలె జారుచు చాల దూరము పోగలదు.

1983 జులై 23వ తేదీన కెనడా దేశమున ఇది ప్రత్యక్షముగా జరిగినది. 69 మందితో 41,000 అడుగుల ఎత్తున పోవుచున్న బోయింగ్ 767 విమానములో ఇంధనము అయిపోయెను. ఇంధనము నింపునపుడు పౌనులలోని లెక్కను కిలోగ్రాములుగా భావించుటయే ఈ పొరపాటునకు ముఖ్యకారణము. (లెక్కల పాఠమున కొలమానములను తేలికగా చూచు విద్యార్థులు దీనిని గమనింపవలెను.) ఇంజనులు రెండును ఆగిపోయినవి. నడుపుచున్న రాబర్ట్ పియర్సన్ ఇంజను లేని గ్లైడరు విమానములను నడుపుటలో ఆరితేరినవాడు. ఆయన ఆ మహా విమానమును గాలిలో జార్చుచు, గిమ్లీ అను ఊరివద్దనున్న పాత వైమానిక స్థావరమున దింపెను. అందరును బ్రదికిరి.

గాలి కుదుపులు మరియొక భయకారణము. ఎండకు కాగిన నేలనుండి వేడిగాలి పైకి లేచుటచేతను, కొండలను దాటునపుడు గాలి పొర్లుటచేతను, మేఘములలోని అలజడిచేతను ఇవి కలుగును. గతుకుల బాటలో బండి ఊగినట్లే విమానమును ఊగును. వేయి అడుగులు పడిపోయితిమని ప్రయాణికుడు తలచును. సాధారణమైన కుదుపులలో ఆ మార్పు పదుల అడుగులలోనే యుండును. రెక్కలు వంగుట చూచి విరిగిపోవునేమోయని కొందరు హడలిపోవుదురు. గాలివానకు వెదురు వంగినట్లు అవి వంగుటకే నిర్మింపబడినవి. అయితే కుదుపులను బొత్తిగా అలక్ష్యము చేయరాదు. నడుమునకు పట్టీ బిగించుకొననివారికే వానివలన దెబ్బలు తగులుట ఎక్కువ. నేల విడిచిన కొలది సేపటికి "దబ్బు" మని వినవచ్చు చప్పుడు చక్రములు లోనికి ముడుచుకొనుటవలన కలుగునది. అటుపిమ్మట ఇంజనుల హోరు తగ్గును. పైకెగురుటకు కావలసిన అధికబలము తీరినందున నడుపువారే దానిని తగ్గింతురు.

చీకటిలో త్రాడును చూచి పామని భ్రమించినవాని సంగతి మన పెద్దలు తరచుగా చెప్పుచుందురు. దీపము తెచ్చినంతనే పాము మాయమగును. విమాన భయము మాత్రము ఇట్టి దీపమునకు పూర్తిగా లొంగునది కాదు. ఐజాక్ అసిమోవ్ అను అమెరికా రచయిత బోస్టన్ విశ్వవిద్యాలయమున జీవరసాయన శాస్త్రాచార్యుడు. నక్షత్రముల నడుమ మానవులు ఓడలవలె వాహనములను నడుపుకొను కథలను ఎన్నింటినో వ్రాసి లోకమును మురిపించెను. అట్టివాడు తన జీవితమున విమానమెక్కినది రెండు పర్యాయములే! విజ్ఞానశాస్త్రము తెలియక ఆయన భయపడెనని యెవ్వరును అనలేరు. బుద్ధి ఒప్పుకొన్నను దేహము ఒప్పుకొనదు. దానికి నచ్చజెప్పు మార్గము వేరుగా నున్నది.

విమానములు పుట్టుటకు చాల పూర్వమే ఆ మార్గమును స్వయముగా కనుగొన్న యువకుడొకడు కలడు. అతడు జర్మను మహాకవి గేటే. 1770వ సంవత్సరమున న్యాయశాస్త్రము చదువుటకై స్ట్రాస్‌బర్గు నగరమునకు వచ్చెను. ఎత్తునుండి క్రిందికి చూచినచో అతనికి తల తిరిగెడిది. ఆ నగరమందలి చర్చి గోపురము 142 మీటర్ల ఎత్తుగలది. ఆ కాలమున ప్రపంచమునందలి కట్టడములన్నిటిలో అదియే ఎత్తైనది. గేటే ఒంటరిగా దాని కొనవరకు ఎక్కెను. శిఖరము క్రింది ఇరుకుచోట పావుగంటసేపు కూర్చుండెను. పిదప ధైర్యము తెచ్చుకొని, నిలుచుటకు మాత్రమే చోటున్న చిన్న పలకపైకి వచ్చెను. పట్టుకొనుటకు తగిన ఆధారము లేదు. కన్నులయెదుట అంతులేని భూమి. బెలూనులో ఆకాశమునకు లేచినట్లుండెనని ముదిమిలో వ్రాసిన స్వీయచరిత్రలో ఆయన చెప్పినాడు. ఆ పని ఒకసారి చేసి మానలేదు. ఆ దృశ్యము మనస్సునకు మామూలగువరకు మరలమరల ఎక్కెను. పెద్ద చప్పుళ్లన్న అతనికి సరిపడకుండెను. అందులకై సాయంకాలము సైనికుల భేరులు మ్రోగునపుడు వాని ప్రక్కనే నడచెడివాడు.

గేటే పావుగంట కూర్చుండుటలోనే కీలకమున్నది. భయము వరదవంటిది, పొంగును, కొంతసేపు నిలుచును, తీయును. తల తిరిగినంతనే అతడు దిగి వచ్చియుండినచో, "దిగితిని గనుక బ్రదికితిని" అని దేహము తలచెడిది. మరునాడు భయము రెట్టింపయ్యెడిది. అతడు కదలక యుండుటచేత వరద తనంతట తీసెను.

అందరును గేటేవలె ఒక్కసారిగా కొనకు ఎగబ్రాకనక్కరలేదు. నా యభిప్రాయమున అది కఠినమైన పద్ధతి. 1924లో మేరీ కవర్ జోన్స్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్త మృదువైన పద్ధతిని ప్రకటించెను. పీటర్ అను పేరుతో ఆమె పేర్కొన్న బాలునకు కుందేలన్న అమితభయము. అతడు ఇష్టమైన పదార్థములు తినుచుండగా గదిలో దూరముగా కుందేలును పంజరమున నుంచిరి. అతడు కలతపడనంతవరకు దానిని దగ్గరకు జరుపుచు వచ్చిరి. తుదకు పీటరు ఆ కుందేలును నిమురసాగెను.

నేడు పెక్కు దేశములలో విమాన భయమునకు చేయు శిక్షణ ఈ పద్ధతినే అనుసరించును. మొదట విమానచోదకుడు శిక్షణార్థుల సందేహములు తీర్చును. పిదప వారు కదలని విమానములో కూర్చుందురు. పిమ్మట కొద్దిసేపటి ప్రయాణము. ఊపిరిని మెల్లగా, పీల్చినదానికంటె దీర్ఘముగా విడుచుట నేర్పుదురు. దానివలన గుండె వేగము తగ్గును. భయము మిక్కుటముగా నున్నవారికి వైద్యుని సాయము కావలెను.

సముద్రములు దాటవలసిన మన తల్లియు ఇట్లే మొదలుపెట్టవచ్చును. మొదట ఎవరినైన సాగనంపుటకు శంషాబాదు విమానాశ్రయమునకు పోయి, అచ్చటి సందడిని చూచి రావచ్చును. తరువాత తోడుతో హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు పోవచ్చును. గంటకు కొంచెము పైగా పట్టును. చేతులు వణకినను వణకనిమ్ము; వణకుచునే కూర్చుండవచ్చును. తిరుగు ప్రయాణమునకు మాత్రము రైలుచీటి కొనరాదు. విశాఖనుండి విమానములోనే మరలిరావలెను. ఎడము పెరిగినకొలది భయము మరల వేరూనును.