ప్రశ్నలు - జవాబులు: నొప్పి తగ్గకముందే సంతకమా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కారు ప్రమాదాల గురించే. అన్నీ డల్లాస్ చుట్టుపక్కల నుంచి వచ్చినవి కాబట్టి టెక్సస్ చట్టం ప్రకారమే జవాబులు రాస్తున్నాను. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉన్నవాళ్లు అంకెలనూ గడువులనూ తమ రాష్ట్రంలో ఒకసారి సరిచూసుకోవాలి.

ప్రశ్న: మా అత్తగారు గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. గుడికి వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగితే వెనక నుంచి ఒకతను మా కారును గుద్దాడు. ఆ రోజు ఆవిడ ‘ఏం లేదులే, కాస్త మెడ పట్టేసింది’ అన్నారు. నాలుగో రోజుకి మెడ తిప్పలేకపోయారు, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది. అవతలి ఇన్సూరెన్స్ కంపెనీ అడ్జస్టర్ రోజూ ఫోన్ చేస్తోంది. అత్తగారి మాటలు రికార్డు చేసుకుంటుందట, సంతకం పెడితే 1,500 డాలర్లు ఇస్తుందట. మూడు వారాల్లో అత్తగారి తిరుగు ప్రయాణం. మావారు ‘తీసుకుని వదిలేద్దాం’ అంటున్నారు. (ఒక కోడలు, ఫ్రిస్కో)

జవాబు: సంతకం పెట్టించకండమ్మా. ఆ కాగితాన్ని రిలీజ్ అంటారు. మధ్యలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: ఇప్పుడు తెలిసిన గాయాలకే కాదు, ఇకముందు బయటపడే గాయాలకు కూడా ఇంకేమీ అడగబోనని. రేపు ఎమ్మారైలో మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందని తేలినా, ఆ 1,500 డాలర్లతోనే సరిపెట్టుకోవాలి. చెయ్యి తిమ్మిరెక్కుతోందని మీరే రాశారు. అది మామూలు మెడ నొప్పి కాకపోవచ్చు. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆవిడను డాక్టరుకు చూపించండి.

అక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. మన పెద్దవాళ్లు అమెరికా డాక్టరు ముందు కూర్చుంటే నొప్పి చెప్పుకోరు. కొడుక్కి ఎంత బిల్లు పడుతుందోనని భయం. ‘బాగానే ఉంది నాయనా’ అంటారు. నర్సు కంప్యూటర్లో ‘నొప్పి లేదు’ అని ఎక్కిస్తుంది. ఆరు నెలల తర్వాత ఆ ఒక్క ముక్కను ఎత్తి చూపించి కంపెనీ క్లెయిమ్‌ను తోసిపుచ్చుతుంది. ఇలా చెడిపోయిన ఫైళ్లు నేను చాలా చూశాను, చూసిన ప్రతిసారీ బాధేసింది. ఎక్కడ నొప్పి, ఎప్పుడు మొదలైంది, రాత్రి నిద్ర పడుతోందా, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేస్తోందా, అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. ఇంగ్లీషు రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ఆస్పత్రిలో అడగండి.

ఇక రికార్డింగు. అవతలి కంపెనీకి రికార్డు చేసిన వాంగ్మూలం ఇచ్చి తీరాలన్న చట్టం ఏదీ లేదు. ఆ సంభాషణ ‘హౌ ఆర్ యూ టుడే?’ అన్న పలకరింపుతో మొదలవుతుంది. ఆవిడ మర్యాదకొద్దీ ‘ఫైన్, ఫైన్’ అంటారు. అదే రికార్డవుతుంది. ‘చికిత్స జరుగుతోంది, అయ్యాక రాతపూర్వకంగా మాట్లాడతాం’ అని మీరే చెప్పి ఫోన్ పెట్టేయండి. మీ సొంత ఇన్సూరెన్స్ కంపెనీ సంగతి వేరు, దానికి సహకరించాల్సిన బాధ్యత పాలసీలోనే రాసి ఉంటుంది.

డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందంటారా? మీ పాలసీలో పీఐపీ, అంటే పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్, ఉందేమో చూడండి. టెక్సస్‌లో వద్దని రాసిచ్చి సంతకం పెడితే తప్ప కంపెనీ దాన్ని ఇచ్చి తీరాలి. కనీసం 2,500 డాలర్లు. తప్పు ఎవరిదైనా సరే, మీ కారులో కూర్చున్న అత్తగారికి అది వర్తిస్తుంది. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకుని ఉంటే వాళ్లకూ వెంటనే తెలియజేయండి. ప్రమాదం వల్ల అయిన ఖర్చు కాబట్టి, సెటిల్‌మెంట్ వచ్చాక తాము కట్టింది వాళ్లు తిరిగి అడగొచ్చు.

ఆవిడ గుంటూరు వెళ్లిపోయినంత మాత్రాన క్లెయిమ్ పోదు. ప్రమాదం జరిగిన రోజు నుంచి కోర్టులో దావా వెయ్యడానికి రెండేళ్ల గడువుంది. పౌరసత్వం, వీసా దీనికి అడ్డు కావు. అక్కడ చేయించుకున్న ఫిజియోథెరపీ రసీదులు, స్కానింగ్ ఫిల్ములు, డాక్టరు చీటీలు తేదీలతో సహా దాచమనండి. చికిత్స ఒక కొలిక్కి వచ్చాక అన్నీ జతచేసి డిమాండ్ లెటర్ పంపాలి. బేరం అప్పుడు మొదలవుతుంది. ఒక్క మాట, చర్చలు నడుస్తున్నాయి కదా అని రెండేళ్లు దాటనివ్వకండి. దాటాక అడ్జస్టర్ ఫోన్ కూడా ఎత్తదు.

ప్రశ్న: ఎదురుగా వస్తూ లెఫ్ట్ టర్న్ తీసుకున్న కారు నన్ను గుద్దింది. తప్పు పూర్తిగా అతనిదేనని పోలీసు రిపోర్టులోనే ఉంది. కాలు విరిగి ఆపరేషన్ అయింది, రాడ్ వేశారు. బిల్లులు 70 వేల డాలర్లు దాటాయి. అతని కంపెనీ 30 వేలే ఇస్తానంటోంది. ఇదెక్కడి న్యాయం? (ఒక పాఠకుడు, ఇర్వింగ్)

జవాబు: మీ కోపంలో న్యాయముంది. కానీ కంపెనీ బాధ్యత అతను కొనుక్కున్న పరిమితి వరకే. టెక్సస్‌లో చట్టం అడిగే కనీస బాడిలీ ఇంజురీ లయబిలిటీ ఒక మనిషికి 30 వేలు, ఒక ప్రమాదానికి మొత్తం 60 వేలు. ఆస్తి నష్టానికి వేరుగా 25 వేలు. ఏజెంట్లు 30/60/25 అనేది దీన్నే. ఇండియాలో ట్రిబ్యునల్ తేల్చిన మొత్తాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ కట్టడం చూసి వచ్చిన మనకు ఇది మింగుడుపడదు. మిగతా సొమ్ముకు ఆ మనిషి మీద దావా వెయ్యొచ్చు. అయితే కనీస పాలసీతో తిరిగేవాడి దగ్గర వసూలు చేసుకోవడానికి చాలాసార్లు ఏమీ ఉండదు.

ఆ 30 వేలు వెంటనే ఇస్తానన్నారంటే దానికో కారణముంది. హ్యూస్టన్‌లో 1920లో స్టవర్స్ అనే ఫర్నిచర్ కంపెనీ లారీ వల్ల ఒకామెకు గాయాలయ్యాయి. లారీ మీద 5,000 డాలర్ల పాలసీ ఉంది. ఆమె 4,000కు రాజీపడతానంది. ఇన్సూరెన్స్ కంపెనీ 2,500 మించి ఇవ్వనంది. కోర్టుకెళితే తీర్పు 12 వేలు దాటింది. పరిమితి లోపల తేలిపోయేదాన్ని నిర్లక్ష్యంగా కాదని తన ఖాతాదారును నిండా ముంచితే మొత్తం నష్టానికీ ఇన్సూరెన్స్ కంపెనీదే బాధ్యత అని 1929లో తేల్చారు. అప్పటి నుంచి, గాయం పెద్దదై తప్పు స్పష్టంగా ఉన్నప్పుడు, పరిమితి లోపల గడువు పెట్టి డిమాండ్ పంపితే టెక్సస్ కంపెనీలు దాన్ని తేలిగ్గా తీసుకోవు.

మీకు అసలైన దారి మీ పాలసీలో ఉండాలి. అండర్ ఇన్స్యూర్డ్ మోటరిస్ట్ కవరేజీ ఉంటే, అవతలివాడి 30 వేలు చాలని చోట మీ కంపెనీ కలుపుతుంది. అందుకే ఆ 30 వేలకు రిలీజ్ మీద సంతకం పెట్టేముందు మీ కంపెనీ అనుమతి రాతలో తీసుకోండి. అడక్కుండా పెడితే అదే సాకుగా ఎగ్గొట్టాలని చూస్తారు.

ఆస్పత్రి సంగతి కూడా చూసుకోవాలి. ప్రమాదం తర్వాత 72 గంటల్లోపు చేరినవారి సెటిల్‌మెంట్ మీద ఆస్పత్రి లీన్, అంటే తన బాకీకి హక్కు, వెయ్యొచ్చు. అలా వేస్తే చెక్కు మీద మీ పేరు పక్కన ఆస్పత్రి పేరు కూడా వస్తుంది, వాళ్ల సంతకం లేకుండా బ్యాంకులో వెయ్యలేరు. మీ ఉద్యోగపు హెల్త్ ప్లాన్ కూడా కట్టింది తిరిగిమ్మనవచ్చు. పెద్ద కంపెనీలు సొంత డబ్బుతో నడిపే ప్లాన్లు ఈ విషయంలో గట్టిగా ఉంటాయి. ఇంత గాయానికి లాయరును పెట్టుకోవడమే మంచిది. ఫీజు మామూలుగా వచ్చినదాంట్లో మూడోవంతు, దావా వేస్తే 40 శాతం దాకా అడుగుతారు. లీన్లు తగ్గించే పని కూడా ఆ ఫీజులోనే చేస్తారా అని ముందే అడగండి. అయితే పిలవకుండానే ఫోన్ చేసి కేసు ఇమ్మనే మనిషిని దగ్గరికి రానివ్వకండి. టెక్సస్‌లో అది నేరం.

ప్రశ్న: మావారు నడుపుతుంటే కారు డివైడర్‌ను కొట్టింది, నా మణికట్టు విరిగింది. మా పాలసీలో లయబిలిటీ లక్ష డాలర్లకు ఉంది. భర్త మీద భార్య క్లెయిమ్ వెయ్యొచ్చా? (ఒక గృహిణి, ప్లేనో)

జవాబు: వెయ్యొచ్చు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మీరు ప్రీమియం కట్టింది ఇందుకే. ముందు పీఐపీ వాడుకోండి. లయబిలిటీ కింద మాత్రం లక్షా వస్తుందని అనుకోకండి. చాలా పాలసీల్లో ఒకే ఇంట్లో ఉండే కుటుంబ సభ్యులకు మినహాయింపు రాసి ఉంటుంది. చట్టం అడిగే కనీస మొత్తం వరకు ఆ మినహాయింపు చెల్లదని టెక్సస్ సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. అంటే మీ పాలసీలో ఆ మినహాయింపు ఉంటే మీకు వర్తించేది 30 వేల వరకే.

ప్రశ్న: ప్రమాదంలో నాది 20 శాతం తప్పని అంటున్నారు. ఇక ఏమీ రాదా? వచ్చినదానికి టాక్సు కట్టాలా? (ఒక విద్యార్థి, ఆర్లింగ్టన్)

జవాబు: 20 శాతమైతే ఆ మేరకు తగ్గించి మిగతాది ఇస్తారు. 50 శాతం దాటితేనే ఏమీ రాదు. ఆ అంకె అడ్జస్టర్ వేసింది, కోర్టు వేసింది కాదు. రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైటులో 6 డాలర్లకు పోలీసు రిపోర్టు తీసుకుని, ఫొటోలు జతచేసి గట్టిగా అడగండి. తేలకపోతే 20 వేల డాలర్ల లోపు తగాదాలను జస్టిస్ కోర్టులో లాయరు లేకుండానే నడపొచ్చు. శరీర గాయాలకు వచ్చిన పరిహారం మీద ఫెడరల్ ఇన్‌కమ్ టాక్సు లేదు.

ప్రశ్న: పాలసీ రెన్యూవల్ వచ్చింది. పీఐపీ, అన్‌ఇన్స్యూర్డ్/అండర్ ఇన్స్యూర్డ్ మోటరిస్ట్ తీసేస్తే ప్రీమియం బాగా తగ్గుతుందని ఏజెంటు ఒక ఫారం పంపాడు. మా పిల్లల చదువులు, ఇంటి లోను అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. సంతకం పెట్టొచ్చా? (ఒక తండ్రి, మెకిన్నీ)

జవాబు: వద్దండీ. మీ ఇబ్బంది నాకు అర్థమవుతోంది. తగ్గించుకోవాలంటే కారు రిపేరు డిడక్టబుల్‌ను 500 నుంచి 1,000కి పెంచుకోండి, పాత కారైతే కొలిజన్ కవరేజీ అవసరమో కాదో లెక్కేసుకోండి. రేకు వంగితే ఆలస్యంగానైనా సరిచేయించుకోవచ్చు. పై ఉత్తరంలో కాలు విరిగిన ఇర్వింగ్ పాఠకుడికి ఇప్పుడు మిగిలిన ఆశ మీ ఏజెంటు తీసేయమంటున్న కవరేజీయే. అవతలివాడు ఎంతకు పాలసీ కొన్నాడన్నది మన చేతుల్లో లేదు. అతను పరిమితి చాలనివాడైనా, అసలు ఇన్సూరెన్సే లేనివాడైనా, గుద్ది పారిపోయినవాడైనా మీ ఇంటి నలుగురినీ చూసుకునేది అదొక్కటే. ఆ ఫారం మీద సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.