ఆంగ్లమున ‘అప్’ శబ్దము: ఉపసర్గ, కర్మప్రవచనీయ దృష్టితో ఒక పరిశీలనము

కొన్ని యేండ్ల క్రిందట ప్రాచ్యవిద్యార్థుల తరగతి పరీక్షలో ఆంగ్లమునుండి అనువాదమునకై ఒక చిన్నకథ నిచ్చితిని. అందు యాచకుడొకడు రాజును చేరవచ్చి తన గోడు చెప్పుకొనును. ‘ఎ బెగ్గర్ కేమ్ అప్ టు ది కింగ్’ అని మూలవాక్యము. ఒక విద్యార్థి దీనిని ‘బిచ్చగాడు రాజుమీదికి వచ్చెను’ అని తెనిగించెను. తెలుగున ఒకనిమీదికి వచ్చుట యనగా కలహమునకు దిగుటయే. యాచన కాస్తా దౌర్జన్యమైనది. నేను నవ్వుకొని రెండు మార్కులు తగ్గించితిని. పత్రములు తిరిగి యిచ్చునపుడు ఆ విద్యార్థి తన నోటుపుస్తకమును తెచ్చి చూపెను. ‘అప్ = పైకి, మీదికి’ అని అందున్నది. అది నేను నల్లబల్లపై వ్రాసి యిచ్చినదే. తగ్గించిన మార్కులను మరల కలిపితిని. కాని ‘మరి దీనిని ఎట్లు నేర్పవలెను?’ అను ప్రశ్న నన్ను విడువలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్ననుండి పుట్టినది.

ఆంగ్లమున నానార్థకములైన పదములకు కొదువ లేదు. 1989లో ఇరువది సంపుటములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు నిఘంటువు రెండవ కూర్పున అన్నిటికంటె దీర్ఘమైన వివరణము ‘సెట్’ అను మూడక్షరముల క్రియకు దక్కినది. అయినను బోధకునకు అసలు చిక్కు అట్టి క్రియలకంటె వాని వెంట నడచు చిన్న మాటలతోనే ఎక్కువ. ‘ది సన్ ఈజ్ అప్’ అనగా సూర్యుడు ఉదయించెను. ‘టైమ్ ఈజ్ అప్’ అనగా గడువు తీరెను. ‘హి ఈజ్ అప్’ అనగా వాడు నిద్ర లేచెను. ‘ది రోడ్ ఈజ్ అప్’ అనగా బాటను మరమ్మతునకై త్రవ్విరి. క్రియ ఒక్కటే, ‘అప్’ ఒక్కటే, తెలుగు మాత్రము నాలుగు విధములు. వీనిని నాలుగు అర్థములుగా వల్లె వేయించినచో అయిదవ వాక్యమువద్ద విద్యార్థి మరల ఆగిపోవును.

మన కోశకారుల నానార్థపద్ధతి ఇచట పనికిరాదని నా అభిప్రాయము. ‘హరి’ శబ్దమునకు విష్ణువు, సింహము, అశ్వము, కపి మున్నగు అర్థములను కోశము చెప్పును. ఆ యర్థములు వేరువేరు వస్తువులు. ప్రకరణమునుబట్టి వానిలో ఒకదానిని ఎన్నుకొన్న చాలును. ‘అప్’ విషయమున ఎన్నుకొనుటకు వస్తువులు లేవు. దాని అర్థము చాలవరకు ప్రక్కనున్న క్రియతో కలిసి యేర్పడును. అట్టి మాటలనుగూర్చి ఆలోచించుటకు మన శాస్త్రములలో కోశముకంటె వ్యాకరణ నిరుక్తములే ఎక్కువ సాయపడును. మన విద్యార్థులు వానిని ఎట్లును చదువుచున్నారు. ఆంగ్లపు తరగతిలోనికి రాగానే వానిని గడపవద్ద విడిచి వచ్చుచున్నారు, అంతే.

మొదట పుట్టుక సంగతి. 1786లో సర్ విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసంగము మొదలుకొని వృద్ధి చెందిన తులనాత్మక భాషాశాస్త్రము ‘అప్’ శబ్దమును సంస్కృతపు ‘ఉప’కు జ్ఞాతిగా గుర్తించినది. గ్రీకు ‘హుపో’, లాటిను ‘సుబ్’ కూడ ఈ కుటుంబములోనివే. ఆంగ్లము సంస్కృతమునుండి పుట్టినదని దీని భావము కాదు. మనలో కొందరు ఉత్సాహముకొలది అట్లు వ్రాయుచుందురు, అది సరికాదు. ఈ భాషలన్నియు ఒకే పూర్వభాషనుండి శాఖలుగా చీలినవి. చీలినపిదప ఆ మాట ఒక్కొక్కయింట ఒక్కొక్క దారి పట్టినది. లాటినున ‘క్రింద’ అను అర్థమును, ఆంగ్లమున ‘పైకి’ అను అర్థమును, సంస్కృతమున ‘దగ్గర’ అను అర్థమును ప్రధానములైనవి. క్రిందినుండి పైకి చేరుట అను భావమును మూలముగా తలంచినచో ఈ విరోధము చాలవరకు తీరును. ఇంకొక వింత యేమన, మనకు ‘పైకి’ అను అర్థము నిచ్చు ‘ఉత్’ అను ఉపసర్గకు ఆంగ్లమున జ్ఞాతి ‘అప్’ కాదు, ‘అవుట్’. మన ‘ఉపరి’కి వారి ‘ఓవర్’ జ్ఞాతి. చుట్టరికము నిజమే. కాని అర్థముల పంపకము మాత్రము తారుమారైనది.

ఈ ద్వైధము పాణిని దృష్టికి వచ్చినదనుటకు అష్టాధ్యాయి సాక్ష్యము. ప్రథమాధ్యాయ చతుర్థపాదమున ఎనుబదియేడవ సూత్రమున ఆయన ‘ఉప’కు అధికము, హీనము అను రెండర్థములందును కర్మప్రవచనీయ సంజ్ఞ చేసెను. వ్యాకరణవేత్త లెల్లరు శాకటాయనునికంటె తక్కువవారని చెప్పునపుడును ‘ఉప’యే, ఖారి యను కొలతకు మించి ఇంకొక ద్రోణమున్నదని చెప్పునపుడును ‘ఉప’యే. లాటినువారు హీనమును, ఆంగ్లేయులు అధికమును పంచుకొనగా, మన ‘ఉప’ రెంటిని నిలుపుకొన్నది. ఇక సామీప్యార్థము ఉపనయనము, ఉపాసనము, ఉపగమనము మున్నగువానియందు సుప్రసిద్ధము.

ఇప్పుడు రాజు కథకు రండు. ‘కేమ్ అప్ టు’ అనుచోట ‘అప్’ పైకి పోవుటను చెప్పుటలేదు. చేరువకు వచ్చుటను చెప్పుచున్నది. ‘ఉపగతః’ అని సంస్కృతమున చెప్పిన విద్యార్థికి వెంటనే తెలియును. తెలుగునుండి ఆంగ్లమునకు నేరుగా పోయినవాడు మీదికి పోయి పడినాడు.

అంతకంటె ప్రయోజనకరమైనది ఉపసర్గ కర్మప్రవచనీయముల భేదము. ప్రాదులు క్రియతో యోగము నొందినపుడు ఉపసర్గలు. క్రియను ద్యోతింపక, నామముతో సంబంధమును తెలుపునపుడు కొన్నింటికి కర్మప్రవచనీయ సంజ్ఞ. రూప మొక్కటే, అన్వయము వేరు. ఈ రెండు ఆంగ్లవాక్యములను చూడుడు: ‘హి రాన్ అప్ ఎ హిల్’, ‘హి రాన్ అప్ ఎ బిల్’. మొదటిది ‘వాడు కొండ యెక్కి పరుగెత్తెను’ అని, రెండవది ‘వాడు అప్పు పెంచుకొనెను’ అని. పైకి చూచినచో ఒక్క అక్షరమే తేడా. మొదటివాక్యమున ‘అప్’ ‘హిల్’ను ఆశ్రయించినది, క్రియ కేవలము పరుగు. రెండవదానియందు ‘అప్’ క్రియను ఆశ్రయించినది, ‘రాన్ అప్’ అను మొత్తమునకు ‘బిల్’ కర్మ. నామమునకు బదులు సర్వనామము నుంచిన ఈ భేదము బయటపడును. కొండ విషయమున ‘రాన్ అప్ ఇట్’ అనవలెను. అప్పు విషయమున ‘రాన్ ఇట్ అప్’ అనవలెను. తారుమారు చేయుట కుదరదు. ఈ పరీక్ష ఆంగ్లవ్యాకరణ గ్రంథములలో ఉన్నదే. దానికి కర్మప్రవచనీయము, ఉపసర్గ అని పేర్లు పెట్టి చెప్పినపుడు మన విద్యార్థి ముఖమున కలుగు వికాసమును నేను చూచితిని. ఈ రెండు వ్యవస్థలు అణువణువున ఒకటే యని నేననను. బోధనకు వలసినంత పోలిక మాత్రము కలదు.

సర్వనామము నడుమ చొరబడుటను చూచి ‘ఉపసర్గ ధాతువునకు ముందుండవలెను గదా’ యని ఒకరు ఆక్షేపింపవచ్చును. లౌకికసంస్కృతమున అట్లే. కాని పాణినియే అదే పాదమున ఎనుబదవ సూత్రమున ధాతువునకు పూర్వప్రయోగమును విధించి, తరువాతి రెండు సూత్రములలో ఛందస్సునందు పరప్రయోగమును, వ్యవహిత ప్రయోగమును అంగీకరించెను. వేదము చదివినవారికి ఇది క్రొత్త కాదు. ఆంగ్లము ఈ విషయమున మన ఛందస్సువలె స్వేచ్ఛగా ఉన్నది. అయితే వైదికమున స్థానభేదమువలన అర్థభేదము లేదు, ఆంగ్లమున కొన్నిచోట్ల కలదు. ‘సెట్ అప్’ అనగా నెలకొల్పుట, ‘అప్‌సెట్’ అనగా తలక్రిందు చేయుట. ‘అప్‌హోల్డ్’ అనగా సమర్థించుట, ‘హోల్డ్ అప్’ అనగా ఆపివేయుట, ఒక్కొక్కచో దారికాచి దోచుట. న్యాయస్థానము క్రింది తీర్పును ‘అప్‌హోల్డ్’ చేసినదనుటకు బదులు ‘హోల్డ్ అప్’ చేసినదని వ్రాసినచో అర్థము విపరీతమగును.

ఇక ‘ఈట్ అప్’, ‘డ్రింక్ అప్’, ‘టేర్ అప్’, ‘డ్రై అప్’ అనువాని సంగతి. తినుటలో, త్రాగుటలో పైకి పోవునది ఏదియు లేదు. ఇచట ‘అప్’ క్రియాసమాప్తిని తెలుపును. మిగులకుండ తినుట, చుక్క లేకుండ త్రాగుట. ‘అప్’ జ్ఞాతియైన జర్మను ‘అవుఫ్’ కూడ తినుక్రియతో చేరి ఇదే అర్థము నిచ్చును. నిరుక్తమున యాస్కుడు చెప్పిన మతభేదము ఇచట జ్ఞప్తికి వచ్చును. ఉపసర్గలు విడిగా అర్థమును చెప్పవు, నామాఖ్యాతముల అర్థవిశేషమును వెలిగించును అని శాకటాయనుడు. వానికి స్వయముగా నానావిధములైన అర్థములు కలవని గార్గ్యుడు. భర్తృహరి వాక్యపదీయ ద్వితీయకాండమున వాచకత్వము, ద్యోతకత్వము, ధాతువుతో కలిసి అర్థమును చెప్పు సహకారిత్వము అను పక్షములన్నిటికి చోటిచ్చెను. ‘ది సన్ ఈజ్ అప్’ అనుచోట గార్గ్యుడు గెలుచును. ‘ఈట్ అప్’ అనుచోట శాకటాయనుడు గెలుచును.

తెలుగున ఈ ద్యోతకకార్యమును ఏది చేయుచున్నదో గుర్తించుట అనువాదకునకు ముఖ్యము. దేశ్యక్రియలకు ఉపసర్గలు లేవు. ఆ పనిని ‘వేయు’, ‘పోవు’ అను అనుప్రయోగములు చేయుచున్నవి. ‘ఈట్ అప్’ అనగా తినివేయు, ‘టేర్ అప్’ అనగా చించివేయు, ‘డ్రై అప్’ అనగా ఎండిపోవు. తినివేయుటలో విసరివేయుట లేదు, ఎండిపోవుటలో ప్రయాణము లేదు. ‘అప్’లో పైకి యను అర్థము నశించినట్లే వీనిలోను మూలార్థము నశించి సమాప్తి మాత్రము మిగిలినది. తేడా యొక్కటి కలదు. సకర్మకమునకు ‘వేయు’, అకర్మకమునకు ‘పోవు’ అని తెలుగు సామాన్యముగా విభాగము చేసికొన్నది. ఆంగ్లమున రెంటికిని ‘అప్’ ఒక్కటే. అందుచేత ఆంగ్లమునుండి తెనిగించువాడు ముందు క్రియ సకర్మకమో కాదో చూడవలెను. ఈ చిన్న నియమమును చెప్పిన తరువాత ‘చించిపోయెను’ వంటి తప్పులు మా తరగతిలో తగ్గినవి.

సమాప్త్యర్థమును ఒప్పుకొన్నచో ఒక ప్రసిద్ధమైన చమత్కారము కూడ విడిపోవును. ఆంగ్లమున ఇల్లు ‘బర్న్ అప్’ అగుచునే ‘బర్న్ డౌన్’ అగును. ‘అప్’ దహనక్రియ పూర్తియగుటను తెలుపును, ‘డౌన్’ కట్టడము నేలకు ఒరుగుటను తెలుపును. తెలుగున రెండుచోట్లను ‘కాలిపోయెను’ అనియే అందుము. రైల్వేపరిభాషలోని ‘అప్’, ‘డౌన్’లకును ఎత్తుపల్లములతో పని లేదు. ఇంగ్లండున లండనువైపు పోవు బండి ‘అప్’. గౌరవస్థానమును ఎత్తుగా భావించుటయే ఇందలి కీలకము. విద్యార్థి ఆక్స్‌ఫర్డునకు ‘అప్’ పోవును, తప్పు చేసిన ‘డౌన్’ పంపబడును. మన ‘పైచదువు’, ‘పై అధికారి’ ఇట్టివే. ప్రతిదినము పొరుగూరికి ఉద్యోగమునకు పోయి వచ్చువానిని మనవారు ‘అప్ అండ్ డౌన్ చేయుచున్నాడు’ అందురు. ఈ ప్రయోగము మన దేశమునదే. ఉత్తరదిక్కును ‘అప్’ అనుట పటములవలన ఏర్పడిన అలవాటని తలంతురు. కాని ‘ఉత్’ శబ్దమునకు తరప్ప్రత్యయము చేరిన ‘ఉత్తర’ శబ్దము పటములకు ఎంతో పూర్వమే ఎత్తునకును ఆ దిక్కునకును పేరైనది.

అన్నిటికంటె కఠినమైనది ‘గివ్ అప్’. ఇచ్చుట యెక్కడ, విడుచుట యెక్కడ? దీనిని విడదీయరాని రూఢిగా గ్రహింపుమని చెప్పి తప్పించుకొనవచ్చును. నే నొక ఊహ చేయుచున్నాను, పండితులు పరిశీలింతురు గాక. దానమునకు మన శాస్త్రకారులు చేయు నిర్వచనమున రెండంశములు కలవు. తన స్వత్వము తొలగుట మొదటిది, పరుని స్వత్వము కలుగుట రెండవది. శత్రువునకు కోటను ‘గివ్ అప్’ చేయుటయందు రెండును కలవు. దురలవాటును ‘గివ్ అప్’ చేయుటయందు పుచ్చుకొనువాడు లేడు, స్వత్వనివృత్తి మాత్రమే మిగిలినది. ఆ నివృత్తి పూర్ణమైనదని ‘అప్’ ద్యోతించుచున్నది. స్థాధాతువున నిలుచుట ప్రసిద్ధార్థమైనను ‘ప్ర’ చేరగా ప్రస్థానము కలుగుటకు, ధాతువులోనే అడగియున్న అర్థమును ఉపసర్గ వెలికి తెచ్చినదని వైయాకరణులు చెప్పు సమాధానము ఇచటను చెల్లునని నా తలంపు. ‘మేక్ అప్’ విషయమున ఈ దారి అంత సులభముగా సాగదు. కథ కల్పించుట, నష్టము పూడ్చుట, తగవు తీర్చుకొనుట, ముఖమునకు రంగు పూయుట, ఇన్నిటిని ఒక్క సూత్రమున బంధింపబోయి నేను విఫలుడనైతిని. తెలుగునకు వచ్చినది చివరి అర్థమొక్కటే. అట్లే ‘గెటప్’ వేషముగాను, ‘బిల్డప్’ లేని గొప్ప చూపుకొనుటగాను మన వాడుకలో స్థిరపడినవి. ఇవి మనకు అవ్యుత్పన్న ప్రాతిపదికములు. వీనిలోని ‘అప్’ను తెలుగువాడు విడదీసి చూడడు.

ఆ పరీక్ష వ్రాసిన విద్యార్థి మరుసటి పరీక్షలో అట్టి వాక్యమునే ‘సమీపించెను’ అని సరిగా తెనిగించెను. ఆపై నావద్దకు వచ్చి, ‘సమీపము’నందు కూడ ‘ఉప’ ఉన్నదా యని యడిగెను. లేదంటిని. ద్వీపము, అంతరీపము వలెనే సమీపమునందును ఉన్నది జలవాచకమైన ‘అప్’ శబ్దము. ఉపసర్గకు పరమైనపుడు దాని అకారము ఈకారమగును. ‘అయితే అందును అప్ ఉన్నట్లే గదా’ యని వాడు నవ్వెను. వినుటకు ఒక్కటే గాని, ఆ ‘అప్’నకు ఈ ‘అప్’తో చుట్టరికము లేదు.