బాధ చెప్పుకొనలేనివారికి మంచి వైద్యము
(సంఘ కూటములలో చదివి చర్చించుటకు పాఠము)



బుద్ధి ఎదుగుదల తక్కువగా నున్న బిడ్డగాని పెద్దవారుగాని గల కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. మునుపు దీనిని ‘బుద్ధిమాంద్యము’ అనెడివారు. ఇప్పుడు ‘మేధో వైకల్యము’ అనుచున్నారు. ఇది పిచ్చి కాదు. నేర్చుకొనుట, గ్రహించుట, తన పనులు తాను చేసికొనుట చిన్ననాటినుండి నెమ్మదిగా సాగు స్థితి. ఇట్టివారికిని మనవలెనే పంటినొప్పి, జ్వరము, చక్కెర వ్యాధి వచ్చును. అయితే ఆ జబ్బులకు సరియైన వైద్యము వారికి అందుట కష్టముగా నున్నది. ఎందుకు కష్టమో, మనమేమి చేయగలమో ఈ పాఠములో తెలిసికొందము.

1. మొదటి ఆటంకము

ఇరువది ఏండ్ల యువకుడొకడు రెండు దినములుగా అన్నము ముట్టక, చెంపమీద కొట్టుకొనుచున్నాడనుకొందము. ఇంటివారు “వీనికి మొండితనము ఎక్కువైనది” అందురు. వైద్యుడు “ఇట్టివారు ఇట్లే చేయుదురు” అని నిద్రమాత్రలు వ్రాసి పంపును. నోరు తెరిపించి చూచినవారు లేరు. లోపల పన్ను పుచ్చి చీము పట్టియున్నది. ఇట్లు ప్రతి మార్పును వైకల్యము ఖాతాలో వేయుటవలన అసలు జబ్బు కనబడకపోవును.

వైద్యము ఉచితముగా దొరకు ఇంగ్లాండులోను ఇట్లే జరిగినది. ఆ దేశపు నైరుతి ప్రాంతములో మేధో వైకల్యముగల 247 మంది మరణములను పరిశీలించిన విచారణ నివేదిక 2013లో వెలువడెను. ఇతరులకంటె ఇట్టి పురుషులు సగటున 13 ఏండ్లు, స్త్రీలు 20 ఏండ్లు ముందుగా మరణించిరని అందులో తేలెను. జబ్బు గుర్తించుటలోను చికిత్స చేయుటలోను జరిగిన ఆలస్యము ముఖ్య కారణములలో ఒకటి.

2. భాష అడ్డు

ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మనకు మరియొక చిక్కున్నది. వైద్యుడు కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో అడుగును. మనకు రెండు భాషలు వచ్చును గనుక ఇబ్బంది తోచదు. కాని ఆ బిడ్డకు అమ్మ మాట్లాడు తెలుగు మాత్రమే తెలిసియుండవచ్చును. యానాములో ఈ చిక్కు లేదుగాని, పుదుచ్చేరి ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడను ఎదురగును. అర్థము కాని ప్రశ్నకు చాలమంది “ఊఁ” అని తలయూపుదురు. ఆ “ఊఁ”ను నమ్మరాదు. ఇంటి తెలుగులో, ఒకసారి ఒకే ప్రశ్న అడుగవలెను. “ఎక్కడ నొప్పి? వ్రేలితో చూపించు” అని అడిగి, జవాబుకు ఓపికతో కనిపెట్టవలెను.

3. ఇంటిలో గమనించవలసినవి

నిద్ర, తిండి, నడక, విసర్జన, కోపము – వీటిలో దేనిలోనైనను అకస్మాత్తుగా మార్పు వచ్చినయెడల ముందుగా దేహములో జబ్బు వెదకవలెను. పన్ను, చెవి, కడుపు, మూత్రము చూపించవలెను. మలబద్ధకమును చిన్నదని విడువరాదు. ముదిరినచో ప్రాణాపాయము కలుగును. మూర్ఛ మందులను మనంతట మనము ఆపరాదు.

డౌన్ సిండ్రోముతో పుట్టిన బిడ్డలలో దాదాపు సగము మందికి గుండెలో లోపముండును. థైరాయిడ్ లోపము, చెవుడు, చూపు తక్కువగుట కూడ వారికి ఎక్కువ. గనుక ఏటేట థైరాయిడ్ రక్తపరీక్ష చేయించి, చెవులు, కన్నులు చూపించుచుండవలెను. పెద్దవారైన వారందరికిని ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుట మంచిది.

4. ఆసుపత్రికి వెళ్లునప్పుడు

ఒక కాగితము సిద్ధముచేసికొనవలెను. పేరు, వయస్సు, వాడుచున్న మందులు, పడని మందులు, నొప్పి కలిగినప్పుడు అతడు ఏమి చేయును, దేనికి భయపడును, ఎవరి మాట వినును – ఇవి అందులో నుండవలెను. దానిని ఆ ఊరి భాషలో వ్రాయించవలెను. అక్కడి బడులలో చదువుకొనిన మన యౌవనస్థులు ఈ పని అర్ధగంటలో చేయగలరు. వీలైనయెడల ముందొకసారి తీసికొనిపోయి స్థలము చూపించినచో భయము తగ్గును. గుంపు లేని వేళను కోరవలెను.

5. చట్టమిచ్చిన హక్కులు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 25వ సెక్షను ప్రకారము వికలాంగులను ముందుగా చూచి చికిత్స చేయుటకు ప్రభుత్వము ఏర్పాట్లు చేయవలెను. కుటుంబ ఆదాయమునుబట్టి దగ్గరలో ఉచిత వైద్యము కల్పించవలెనని కూడ అందులో నున్నది. వరుసలో ముందు పంపుమని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. ఇందుకు వైకల్య ధ్రువపత్రము, యూడీఐడీ కార్డు ముందుగానే తీసికొనియుండవలెను. నేషనల్ ట్రస్టువారి ‘నిరామయ’ పథకములో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కలదు. 18 ఏండ్లు నిండిన వారికి చట్టబద్ధ సంరక్షకుని నియమించుటకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేయవచ్చును. తల్లిదండ్రులు ఆరోగ్యముగా నుండగానే ఈ పని ముగించుట మేలు.

6. సంఘము చేయగలది

తల్లి ఎవరి పాపమునుబట్టి ఇట్టి బిడ్డను కన్నదని గుసగుసలాడుట మానవలెను. ఆ మాటలకు జడిసియే కొందరు బిడ్డను ఇంటిలో దాచి, వైద్యునికిని చూపకున్నారు. అరువది దాటిన తల్లి, నలుబది ఏండ్ల కుమారుని ఒంటరిగా బస్సు ఎక్కించి ఆసుపత్రికి తీసికొనిపోవుట ఎంత కష్టమో తలంచుడి. ఆమెతోకూడ ఒకరు వెళ్లి, చీటీ వరుసలో నిలువబడినయెడల ఆమె బిడ్డప్రక్కన కూర్చుండగలదు.

చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘములో ఇట్టి కుటుంబములు ఎన్ని? వారిలో ఎందరికి ధ్రువపత్రమున్నది?
2. ఆసుపత్రి కాగితము స్థానిక భాషలో వ్రాసిపెట్టగలవారెవరు?
3. వచ్చే నెలలో ఏ కుటుంబముతో, ఎవరు, ఏ దినమున ఆసుపత్రికి వెళ్లుదురు? పేర్లు వ్రాసికొనుడి.