ఆల్కలైన్ వాటర్ బాటిల్ కొనాలా?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు అడిగారు: “మేడం, బాబుకి ఆల్కలైన్ వాటర్ పంపమంటారా? రక్తంలో యాసిడ్ తగ్గుతుందట కదా!” వెనకాల లైన్ పెద్దగా ఉండడంతో ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

పీహెచ్ స్కేలులో 7 తటస్థం. అంతకంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. పిల్లలు పరీక్షల్లో మర్చిపోయేది ఈ ముక్కే!

ఆరోగ్యవంతుల రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపి, కిడ్నీలు మిగులు ఆమ్లాన్ని మూత్రంలో వదిలి దాన్ని అక్కడే నిలబెడతాయి. పైగా మనం తాగిన నీళ్లు ముందు చేరేది పొట్టలోకి. అక్కడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ముందు ఆ కాస్త క్షారం నిలవదు. ఆ ఆమ్లం మనకు శత్రువు కూడా కాదు. ప్రోటీన్లు అరగడానికి, క్రిములు చావడానికి అది కావాలి. కాబట్టి ఆ ఖర్చు అక్కర్లేదండీ, మామూలు మంచినీళ్లు చాలు.

నా దిగులంతా పిల్లల పళ్ల గురించే. నోట్లో పీహెచ్ దాదాపు 5.5 కంటే తగ్గితే పంటి ఎనామిల్ కరగడం మొదలవుతుంది. కోలా డ్రింకుల పీహెచ్ సుమారు 2.5. పులుపే కాదు, చాక్లెట్లు, బిస్కెట్లు కూడా ఇంతే. వాటిలోని చక్కెరను నోటిలోని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఈలోపు ఇంకో గుక్క, ఇంకో బిస్కెట్! జ్యూస్ బాటిల్‌ను ఫస్ట్ పీరియడ్ నుంచి లాంగ్ బెల్ దాకా కొంచెం కొంచెంగా తాగే పిల్లలు మా క్లాసులోనే ఉన్నారు. ఒకేసారి తాగేసేవాళ్ల కంటే వీళ్ల పళ్లకే నష్టం ఎక్కువ.

పుల్లనివి తాగాక నీళ్లతో పుక్కిలించమనండి. వెంటనే బ్రష్ మాత్రం చేయనివ్వకండి, మెత్తబడ్డ ఎనామిల్ అరిగిపోతుంది. కనీసం అరగంట ఆగాలి. ఇది తెలిసేదాకా నేనూ నిమ్మరసం తాగగానే బ్రష్ చేసుకున్నదాన్నే.

ఆమ్లం, క్షారం తేడా ఇంట్లోనే చూపించవచ్చు. పసుపు నీళ్లలో సబ్బు నీళ్లు కలిపితే ఎర్రబడతాయి, నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగుకొస్తాయి. దిష్టి తీసే ఎర్రనీళ్లలో సున్నం చేసే పనీ ఇదే. ఈ శనివారం ఎనిమిదో తరగతికి ఇదే హోంవర్క్. తెల్ల యూనిఫాం మీద మాత్రం పడకుండా చూసుకోండి.