ఎటువైపూ కాని బటన్

కారంపూడి అనగానే పల్నాటి యుద్ధం గుర్తొస్తుంది. బ్రహ్మనాయుడి వైపా, నాగమ్మ వైపా? ఇప్పుడు ఎన్నికలొచ్చినా అదే ప్రశ్న: "ఎటువైపురా?" ఇద్దరూ నచ్చనివాడు "ఉన్నంతలో వీడు నయం" అనుకుని ఒకరికి నొక్కేసి వస్తాడు.

2013కి ముందు కూడా 49-ఓ నిబంధన కింద ఓటు వద్దనొచ్చు. కానీ బూత్‌లో అధికారికి చెప్పి, రిజిస్టర్‌లో రాయించి, సంతకం పెట్టాలి. పక్కనే ఏజెంట్లు! ఊళ్లో ఇక దాగేదేముంది? 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు, కాదనడం కూడా రహస్యంగానే ఉండాలని చెప్పి, ఈవీఎం మీద నోటా బటన్ పెట్టమంది.

దీని పరిమితి కూడా తెలియాలి. నోటాకి ఎన్ని పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుస్తారు. 2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో నోటాకి 2,18,674 ఓట్లు పడ్డాయి. అయినా ఫలితం మారలేదు.

మరి ఎందుకు నొక్కాలి? ఇంట్లో కూర్చుంటే అది బద్ధకమో, కోపమో ఎవరికీ తెలీదు. నోటా అయితే లెక్కలోకి ఎక్కుతుంది. ఇద్దరి మధ్య నిజంగా తేడా కనిపిస్తే ఆ తేడాకే ఓటేయండి. కనిపించకపోతే మాత్రం "తప్పదు కదా" అనకండి. కాదనే దారి ఉంది, అదీ ఏ ఏజెంటుకీ తెలియకుండా.