వణికే పాత కారు: పానా పట్టకముందు చూసుకోవాల్సినవి

హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజా, షాలిబండ సందుల్లో కారు నడిపి బతికేవాళ్ల బండి పరుగెత్తేది తక్కువ, ఆగి గుర్రుమనేది ఎక్కువ. ఆషాఢ బోనాల ఆదివారమైతే ఫస్ట్ గేరు, హాఫ్ క్లచ్చుతోనే పూట గడిచిపోతుంది. అందుకే ఇంజిన్ వణుకు ఇక్కడ ముందుగా బయటపడేది బండి నిలబడ్డప్పుడే. స్టీరింగు దడదడలాడగానే షెడ్డుకు పోయి "ఏందో చూడన్నా" అంటే డబ్బు అక్కడే పోతుంది. ప్లగ్గులు మారుస్తారు, తగ్గదు. మౌంటింగులు మారుస్తారు, తగ్గదు. వణుకు ఎప్పుడొస్తుందో ముందు మీరే పట్టుకోండి.

ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి డెబ్బై, ఎనభై స్పీడు దాటాకే ఊగితే చక్రాల బ్యాలెన్సింగ్, రిమ్ములు చూపించండి. బ్రేకు తొక్కితేనే ఊగితే డిస్కులు. వీటికి ఇంజిన్ ముట్టుకోనక్కర్లేదు.

న్యూట్రల్‌లో నిలబడి వణికితే సైలెన్సర్ దగ్గర చెవి పెట్టండి. చప్పుడు ఒకే లయలో వస్తూ బాడీ మాత్రం అదురుతుంటే మౌంటింగు రబ్బరు చిరిగి ఉండొచ్చు. హ్యాండ్‌బ్రేకు వేసి, ఫుట్‌బ్రేకు గట్టిగా తొక్కి, ఫస్ట్ గేరులో క్లచ్ కొద్దిగా వదలమని ఒకరికి చెప్పి, మీరు పక్క నుంచి చూడండి. బండి ముందు మాత్రం ఎవరూ నిలబడొద్దు. ఇంజిన్ ఒక పక్కకు ఎగిరిపడితే తేలిపోయినట్టే.

చప్పుడు మధ్యమధ్య తడబడితే అది మిస్సింగ్, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగా మండట్లేదన్నమాట. 1983 నుంచి 2014 దాకా తయారైన మారుతి 800లో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్లు. అలాంటి ఇంజిన్‌కు కాస్త వణుకు పుట్టుకతోనే ఉంటుంది. నాలుగు సిలిండర్ల బండితో పోల్చి బెంగపడొద్దు. కానీ అందులో ఒక్క సిలిండర్ పడుకుంటే మూడో వంతు బలం పోతుంది.

ఏది పడుకుందో తెలుసుకోవడం కష్టం కాదు. ఇంజెక్షన్ బండైతే ఇంజిన్ ఆపి, ఒక ఇంజెక్టర్ కనెక్టర్ ఊడదీసి, స్టార్ట్ చేసి కొన్ని క్షణాలు వినండి. వణుకు పెరిగితే ఆ సిలిండర్ బాగున్నట్టు. ఏ తేడా లేకపోతే దొంగ దొరికినట్టే. నడుస్తున్న ఇంజిన్‌లో ప్లగ్ వైరు చేత్తో లాగొద్దు, షాక్ గట్టిగా కొడుతుంది. ఇప్పుడు ఆ సిలిండర్ ప్లగ్గును పక్కదానితో మార్చండి. మిస్సింగ్ ప్లగ్గు వెంటే పోతే ప్లగ్గు కొంటే చాలు. పోకపోతే వైరు, కాయిల్, ఇంజెక్టర్ వరుసగా చూడాలి. ప్లగ్గు మొన రంగూ చూడండి: లేత గోధుమరంగు మంచిది, పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, నూనె తడి అంటే ఆయిల్ లోపలికి చేరుతోంది.

ఏసీ వేస్తేనే వణికితే థ్రాటిల్ బాడీలో కార్బన్ పేరుకుందేమో, వాక్యూమ్ పైపు పగిలిందేమో ముందు చూపించండి. పాత రబ్బరు పైపులు ఎండకు ఊరికే బీటలు వారతాయి. ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం కిరాయి వదిలేసి బండి ఆపండి. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది, దాని ఖరీదు ముందు ప్లగ్గుల ఖరీదు లెక్కలోకే రాదు.

షెడ్డులో చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏసీతోనా, ఏ గేరులో వణుకుతోందో విడమరిచి చెప్పండి. తీసిన పాత సామాను చూపించమనండి. ప్లగ్గుకు నూనె తగిలిందని ఇంజిన్ దించుతానంటే, ముందు ప్రతి సిలిండర్‌కూ కంప్రెషన్ కొలిపించి, ఆ అంకెలు కాగితం మీద రాయించుకోండి.