సిటీ పాస్ కొనాలా? ముందు లెక్క, తర్వాతే చట్టం

ప్రశ్న: మాది చిలకలగూడ. వచ్చే వారం మా ఆడపడుచు కుటుంబం విశాఖపట్నం నుంచి వస్తోంది. గురు, శుక్రవారాల్లో వాళ్లకు ఊరు చూపించాలి. స్టేషన్ దగ్గర ఒక ట్రావెల్స్ వాళ్లు ‘సిటీ పాస్’ అని తలకు రూ.999 చెబుతున్నారు. పిల్లలకూ అదే ధర. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్, చౌమహల్లా, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ అన్నీ అందులోనే వస్తాయంటున్నారు. కాగితం కింద ‘డబ్బు వాపసు లేదు’ అని ఉంది. పెద్దవాళ్లం నలుగురం, పిల్లలు ఇద్దరు (14, 9 ఏళ్లు). కొనమంటారా? కొన్నాక తేడా వస్తే కోర్టుకు వెళ్లొచ్చా? ఇంకో మాట. డిసెంబరులో మా అబ్బాయి సింగపూర్ రమ్మంటున్నాడు. అక్కడి పాస్‌లు వాడే కొంటాడట. వాటికీ ఇదే చట్టమా?

జవాబు: పిల్లలకూ రూ.999 అన్నారు చూడండి, మీ ఉత్తరంలో అక్కడే ఆగిపోయాను. చార్మినార్, గోల్కొండ రెండూ కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. ఆ శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టే లేదు. పెద్దవాళ్లకు ఒక్కోచోట రూ.25. మీ ఆరుగురూ ఈ రెండూ చూసి రావడానికి గేటు దగ్గర కట్టేది మొత్తం రూ.200. బిర్లా మందిరానికి టికెట్ లేదు. ట్యాంక్‌బండ్ మీద నడవడానికి ఎవరూ ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు, అయినా జాబితా పొడుగ్గా కనిపించాలని దాన్ని కూడా పాస్‌లో చేర్చారు. మిగిలినవి సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్. వాటి టికెట్లు కాస్త ఎక్కువే. ఆ రెండు చోట్లా ఆరుగురికి ఎంతవుతుందో కనుక్కుని ఈ రూ.200కు కలపండి. పాస్‌లకు మీరు కట్టబోయేది రూ.5,994. ఆ రెంటికీ మధ్య తేడా ఎంతో, అంతా బస్సు సీటుకూ గైడుకూ కడుతున్నారన్నమాట. ఆ బస్సు ఏసీదా, గైడు తెలుగులో చెబుతాడా, భోజనం ఎవరి ఖర్చు అన్నది అడగకుండా ఆ తేడా న్యాయమా కాదా అన్నది తేలదు.

పోల్చి చూడటానికి ఒక కొలత ఉంది. 2022 అక్టోబరులో మన ఆర్టీసీ వారాంతాల్లో ‘హైదరాబాద్ దర్శిని’ బస్సులు మొదలుపెట్టింది. సికింద్రాబాద్ ఆల్ఫా హోటల్ దగ్గర పొద్దున ఎక్కించుకుని, బిర్లా మందిర్, చౌమహల్లా, తారామతి బారాదరి, గోల్కొండ, దుర్గం చెరువు, హుస్సేన్‌సాగర్ చూపించి రాత్రికి మళ్లీ అక్కడే దింపేలా వేశారు. మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులో పెద్దలకు రూ.250, పిల్లలకు రూ.130, మెట్రో లగ్జరీ ఏసీలో రూ.450, రూ.340 అని అప్పటి ధర. ఇవాళ ఆ బస్సు నడుస్తోందా, ఎంత తీసుకుంటున్నారు, ప్రవేశ టికెట్లు అందులోనేనా అన్నది ఆర్టీసీ వాళ్లనూ, తెలంగాణ పర్యాటక సంస్థ కౌంటర్‌లోనూ అడిగి తెలుసుకోండి. ప్రైవేటు వాళ్ల ధర దానికి రెండింతలున్నా తప్పేం లేదు. ఎందుకు రెండింతలో చెప్పగలగాలి, అంతే.

సొంతంగా తిరిగితే? మీరున్న చోటు దీనికి బాగా కలిసొస్తుంది. గాంధీ ఆసుపత్రి మెట్రో స్టేషన్‌లో ఎక్కితే ఎక్కడా మారకుండా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి సాలార్‌జంగ్ దగ్గరే, చార్మినార్‌కు ఆటో చాలు. సిటీ బస్సుల్లో రోజంతా తిరగడానికి ఆర్టీసీ టీ-24 టికెట్ ఇస్తుంది. 2023లో దాన్ని రూ.100 నుంచి రూ.90కి తగ్గించారు, ఇప్పటి ధర కండక్టరు చెబుతాడు. దాని గొప్పతనం ధరలో కన్నా గడియారంలో ఉంది. కొన్న నిమిషం నుంచి 24 గంటలు చెల్లుతుంది కనుక మధ్యాహ్నం రెండింటికి తీసుకుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా తిరగొచ్చు. పొద్దునే కొని సాయంత్రానికి ఇంటికి చేరేవాళ్లకు సగం వృథా. అయితే మీకు ఆ టికెట్ అసలు అవసరమే లేదమ్మా. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు ప్రయాణం ఉచితం. మీ ఆడపడుచుది విశాఖ చిరునామా కదా, ఆవిడకు ఇది వర్తించదు. టికెట్ ఆవిడకూ మగవాళ్లిద్దరికీ తీసుకోవాలి. ఇంటికొచ్చిన చుట్టం టికెట్ కొంటుంటే ఆతిథ్యం ఇచ్చేవాళ్లు జీరో టికెట్‌తో కూర్చోవడం కొంచెం మొహమాటమే, కానీ నిబంధన నిబంధనే.

పాస్ ఎప్పుడు గిట్టుబాటు అవుతుందో మన మెట్రోయే ఒకసారి చూపించింది. 2022 ఉగాదికి ఆదివారాలు, ప్రకటించిన సెలవు రోజుల్లో ఎంత తిరిగినా రూ.59 అంటూ సూపర్ సేవర్ కార్డు తెచ్చారు, కార్డుకు మరో రూ.50. అప్పుడు మెట్రో గరిష్ఠ చార్జీ రూ.60. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి వెళ్లి వచ్చినా రూ.120 అయ్యేది కనుక మొదటి రోజే కార్డు ఖరీదుతో సహా వచ్చేసింది. రెండు స్టేషన్ల అవతల ఉన్న చెల్లెలింటికి వెళ్లొచ్చేవాళ్లకు మాత్రం నష్టమే. ఏడాది తిరిగేసరికి, 2023 ఏప్రిల్‌లో, రూ.59 కాస్తా రూ.99 అయింది. అలా ధర మార్చే హక్కు సంస్థకు ఉంది. ఒకరోజుకు ముందే డబ్బు తీసుకుని, ఆ రోజు గేటు దగ్గర నిలబెట్టి ‘నిన్నటి నుంచి రేటు మారింది, తేడా కట్టండి’ అనే హక్కు ఏ సంస్థకూ లేదు. అది ఒప్పందం మధ్యలో మాట మార్చడం.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అమల్లోకి వచ్చింది 2020 జులైలో. పాస్ కొన్నవాళ్లంతా ఇందులో వినియోగదారులే. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. పిల్లాడికి జ్వరం వచ్చి వెళ్లలేకపోయినా, ఎండకు తట్టుకోలేక మధ్యలో ఇంటికి వచ్చేసినా, ఆరు చోట్లలో మూడే చూసి అలసిపోయినా ఆ డబ్బు చట్టం ఇప్పించదు. వాళ్లు ఇస్తామన్నది ఇచ్చారు, మీరు వాడుకోలేదు. అందుకే పాస్ విలువ కట్టేటప్పుడు మీరు నిజంగా చూడగలిగేది ఎంతో తగ్గించి వేసుకోండి. తొమ్మిదేళ్ల పిల్లతో గోల్కొండ పైదాకా ఎక్కి దిగాక అదే రోజు మరో మ్యూజియం చూడటం అయ్యే పనేనా?

అసలు సంగతి శుక్రవారం. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లాకూ అంతే. (జూ పార్కు పెట్టుకుంటే దానికి సోమవారం.) మీ పాస్‌లో గేటు దగ్గర నిజంగా ఖరీదు చేసేవి ఆ రెండే. గురు, శుక్రవారాల్లో వస్తున్నామని మీరు చెప్పాక కూడా ఆ మాట ఎత్తకుండా అమ్మితే? ఈ చట్టం సెక్షన్ 2(11)లో ‘సేవా లోపం’ అంటే ఏమిటో చెబుతూ, చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడాన్ని కూడా లోపంగానే లెక్కించారు. పాత 1986 చట్టంలో ఈ మాట ఇంత సూటిగా లేదు. సెలవు సంగతి తెలిసే అమ్మాడని చూపించాలంటే, మీరు ఏ తేదీలకు అడిగారో రాతలో ఉండాలి. కాబట్టి కౌంటర్ దగ్గర నోటితో అడిగి ఊరుకోకండి. ‘ఫలానా తేదీ గురువారం, మర్నాడు శుక్రవారం, ఆరుగురం, ఈ ఆరు చోట్లకూ ప్రవేశం ఉంటుందా?’ అని వాళ్ల వాట్సాప్ నంబరుకు పంపండి. జవాబు వచ్చాకే డబ్బు. జవాబు ఇవ్వకపోతే మీ మొదటి ప్రశ్నకు సమాధానం దొరికేసినట్టే.

‘డబ్బు వాపసు లేదు’ అన్న ముద్ర చూసి సగం మంది అక్కడే వెనక్కి తగ్గుతారు. ఆ ముద్రకు అంత బలం లేదు. లోపమున్న సేవకు తీసుకున్న డబ్బు బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వకపోవడాన్ని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోనిదే. ఒకవైపే మొగ్గిన ఒప్పందం కొనుగోలుదారుడిని కట్టిపడేయదని 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఫ్లాట్ల కేసు, కానీ సూత్రం టికెట్‌కూ పనికొస్తుంది. ఒక్క మెలిక గమనించండి: ‘ఈ షరతు అన్యాయమైన ఒప్పందం, కొట్టేయండి’ అని నేరుగా కోరాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. జిల్లా కమిషన్‌లో అయితే సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని ఫిర్యాదు రాసి డబ్బూ పరిహారమూ అడగాలి. మీలాంటి కేసుకు రెండోదే దారి.

ఆర్టీసీ, పర్యాటక సంస్థ ప్రభుత్వానివి కదా, వాటి మీద ఈ కేసులు నడుస్తాయా అని అడిగేవాళ్లుంటారు. నడుస్తాయి. డబ్బు తీసుకుని సేవ చేసే ప్రభుత్వ సంస్థలు కూడా ఈ చట్టం కిందికే వస్తాయని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది. బస్సు ప్రయాణానికి ఇంకో తలుపు కూడా ఉంది. 1987 న్యాయసేవల చట్టం కింద పనిచేసే శాశ్వత లోక్ అదాలత్. ఫీజు లేదు, ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే తీర్పు ఇస్తుంది. ఆ చట్టంలో ప్రయాణికుల రవాణా అంటే ‘గాలి, రోడ్డు, నీటి మార్గం’ అని మాత్రమే రాశారు, పట్టాల మాట లేదు. రైల్వే వాళ్లే ఎక్కువగా ఉండే చిలకలగూడలో ఇది చెప్పకుండా ఉండలేకపోయాను. వివరాలకు న్యాయసేవల నంబరు 15100.

తేడా వస్తే ఏం చేయాలి? అక్కడికక్కడే గొడవ పడటం కన్నా మూసి ఉన్న గేటునూ, దాని మీది సెలవు బోర్డునూ ఫోటో తీయండి. ఫోన్‌లో తేదీ, సమయం నమోదవుతాయి. ఆ సాయంత్రమే అమ్మినవాళ్లకు డబ్బు అడుగుతూ మెసేజ్ పెట్టండి. వారంలో కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తేలిపోతాయి, కమిషన్ మాట వినగానే కౌంటర్ వాళ్ల గొంతు మారుతుంది. తేలకపోతే జిల్లా కమిషన్. మీరు ఎక్కడ నివసిస్తే అక్కడి కమిషన్‌లో వేయొచ్చని సెక్షన్ 34 చెబుతుంది. మీ ఆడపడుచు వేయాలనుకుంటే విశాఖలోనే వేసుకోవచ్చు, దీనికోసం ఆవిడ మళ్లీ గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు. వకీలు పెట్టుకోవాలన్న రూలూ లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు.

ఆశ మాత్రం అదుపులో పెట్టుకోండి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది. రైల్వే కౌంటర్‌లో రూ.20 ఎక్కువ తీసుకున్నారని మథుర న్యాయవాది ఒకరు 1999లో వేసిన కేసు 2022లో గెలిచారు. ఆయనది పట్టుదల. అందరికీ అంత ఓపిక ఉండాలని నేను చెప్పను. అందుకే కొనకముందు పెట్టిన ఆ ఒక్క మెసేజ్‌కు కొన్నాక వేసే కేసు కన్నా విలువ ఎక్కువ.

మీ ఊరు చూపించే పనికి నా సలహా ఇది: శుక్రవారాన్ని గోల్కొండకూ ట్యాంక్‌బండ్‌కూ ఉంచండి. గురువారం సాలార్‌జంగ్, చౌమహల్లా, చార్మినార్ ఒక్క వరుసలో ముగించండి, మూడూ పాతబస్తీ వైపువే. ఆ లెక్కన ఈ రూ.999 పాస్ మీకు అక్కర్లేదు. నడవలేని పెద్దవాళ్లెవరైనా వెంట ఉంటే అప్పుడు పాస్ కన్నా ఒక కారు మాట్లాడుకోవడమే నయం.

సింగపూర్ సంగతి. అబ్బాయి కొన్న పాస్ మీరు వాడితే, మీరూ వినియోగదారులే. డబ్బు కట్టినవాళ్ల సమ్మతితో సేవ పొందేవాళ్లనూ చట్టం ఆ మాటలో కలిపింది. విదేశీ వెబ్‌సైట్ అయినా, భారతదేశంలోని కొనుగోలుదార్లకు క్రమం తప్పకుండా అమ్ముతుంటే 2020 ఈ-కామర్స్ నిబంధనలు దానికీ వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ముందే టిక్ పెట్టి ఉన్న గడులతో మీ సమ్మతి రాబట్టకూడదు. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని అబద్ధపు తొందర పెట్టడం, అడగని బీమాను బుట్టలో వేయడం, చివరి పేజీలో ధర పెంచడం, ఇవన్నీ 2023 నవంబరు 30 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో నిషేధించిన మోసపు పద్ధతులు. అయితే మీ అబ్బాయి అక్కడే ఉండి, అక్కడి కార్డుతో, అక్కడి కంపెనీ దగ్గర కొంటే వ్యవహారం చాలావరకు ఆ దేశపు చట్టం చేతిలోకి వెళ్తుంది. ఇక్కడ ఆర్డరు వచ్చినా అక్కడి నుంచి డబ్బు రాబట్టడం కష్టం. కనుక మీ పాస్‌లు మీరే ఇక్కడి నుంచి, క్రెడిట్ కార్డుతో కొనుక్కోండి. మాట తప్పితే కోర్టు కన్నా ముందు కార్డు ఇచ్చిన బ్యాంకులో ఆ లావాదేవీ మీద అభ్యంతరం నమోదు చేయొచ్చు. ఆ పని స్టేట్‌మెంట్ వచ్చిన వెంటనే చేయాలి, తిరిగొచ్చి ఊపిరి పీల్చుకున్నాక చూద్దాం అనుకుంటే బ్యాంకు పెట్టిన గడువు దాటిపోతుంది.